శరత్కాలపు సంతకు బయలుదేరే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, నీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మీరు ప్లెయిన్స్‌బరోలో దిగి నెల కాకముందే గుమ్మడికాయల కాలం వచ్చేసింది. ప్రతి తోట ముందూ కాయలు కుప్పలు పోసి ఉన్నాయనీ, వాటిలో ఏది కొంటే ఇంట్లో వండుకోవచ్చో తెలియడం లేదనీ మొన్న ఫోనులో అన్నావు. అది రెండు మాటల్లో తేలే సంగతి కాదు కనుక, న్యూజెర్సీలో ఇన్నేళ్లుగా సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సంచి పట్టుకుని సంతలకు తిరిగి నేర్చుకున్నది నీకు తీరికగా రాస్తున్నాను.

నేను ఈ దేశం వచ్చిన మొదటి అక్టోబరులో, మా అమ్మ సంక్రాంతికి పెట్టే గుమ్మడికాయ పులుసు మీదికి మనసు పోయి, తోటలో ఉన్నవాటిలోకెల్లా పెద్దదీ నున్ననిదీ అయిన నారింజ రంగు కాయను ఏరి తెచ్చాను. చింతపండు, బెల్లం ఎంత పోసినా ఆ పులుసుకు రుచి పట్టలేదు. ముక్కలు ఉడికీ ఉడకకముందే నీరు వదిలి పీచులుగా విడిపోయాయి. నేను తెచ్చినది కళ్లూ నోరూ చెక్కి లోపల దీపం పెట్టి గుమ్మంలో ఉంచుకునే హాలోవీన్ కాయ అనీ, దానికి కావలసింది పరిమాణం, రంగు, నిటారుగా నిలబడే ఆకారమే తప్ప రుచి కాదనీ మరుసటి వారం తోటవాళ్లావిడ ఓపికగా చెబితే తెలిసింది. ఆనాటి నుంచి ఏ కాయ చేత పట్టుకున్నా, ఇది వండుకోవడానికా అలంకారానికా అని అడగకుండా నేను డబ్బు ఇచ్చింది లేదు. నీకు భాషతో ఇబ్బంది లేదు, అడగడానికి మొహమాటపడకు. పంట గురించి అడిగితే ఇక్కడి రైతులు సంతోషిస్తారు, పని ఆపి మరీ చెబుతారు.

మన పల్లెల్లో పాకల మీదికి పాకే తీపి గుమ్మడి, ఇక్కడ దొరికే, పొడుగాటి మెడ ఉన్న బటర్‌నట్ స్క్వాష్ అనే గుమ్మడి రెండూ కుకుర్బిటా మాస్కాటా అనే ఒకే జాతివి. హాలోవీన్ కాయ కుకుర్బిటా పెపో అనే వేరే జాతిది. కాబట్టి మన వంటకు కాయ కావాలంటే ఆ మొదటి జాతిలోనే వెతకాలి. అందులో లాంగ్ ఐలండ్ చీజ్ అనే రకం ఒకటుంది. జున్ను చక్రంలా అణగి, పక్కలు చారలు తీరి, లేత గోధుమ రంగులో ఉండే ఆ కాయను మొదటిసారి చూసినప్పుడు మా ఊరి సంతలో గోనె మీద పెట్టి అమ్మే కాయే ఇక్కడికి వచ్చిందనిపించింది. పులుసుకూ, దప్పళానికీ, బెల్లం పెట్టిన కూరకూ అదే అన్నిటికంటే దగ్గర. అది దొరకనప్పుడు బటర్‌నట్ తీసుకో. దాని మెడ భాగమంతా గింజలు లేని కండే గనుక ముక్కలు సమంగా వస్తాయి. ముదురాకుపచ్చ చెక్కుతో చిన్నగా ఉండే కబోచా కాయ ఉడికితే చిలగడదుంపలా పొడిగా ఉంటుంది; వేపుడుకు బాగుంటుంది గానీ పులుసులో కరిగిపోతుంది. ఇంకొక మాట: గుమ్మడి జాతులన్నీ పుట్టింది ఈ అమెరికా ఖండాల్లోనే, మన దేశానికి అవి సముద్రం దాటి వచ్చాయి. మన ఆసియాకు స్వతహాగా చెందినది వడియాలు పెట్టుకునే బూడిద గుమ్మడి. అందుకే అది ఈ రైతుల దగ్గర అరుదు. దానికి మన దుకాణాలకో చైనావారి దుకాణాలకో పోవలసిందే.

కాయను ఎంచేటప్పుడు తొడిమ చూడు. అది ఎండి, గట్టిపడి, కాయకు అంటిపెట్టుకుని ఉండాలి. తొడిమ ఊడిన చోటినుంచే కుళ్లు మొదలవుతుంది కనుక, తొడిమ పట్టుకుని కాయను ఎత్తవద్దని పిల్లలకు కూడా చెప్పు. గోరు ఆనించి నొక్కితే చెక్కు దిగబడకూడదు. పరిమాణానికి మించిన బరువు ఉండాలి. చీజ్ రకంలో పచ్చచారలు మిగిలి ఉంటే అది ఇంకా ముదరలేదని గుర్తు. ఇలా ఎంచి తెచ్చిన బటర్‌నట్‌ను ఫ్రిజ్‌లో పెట్టకుండా, మీ బేస్‌మెంట్‌లో తడి తగలని చల్లని మూలన, ఒకదానికొకటి ఆనకుండా పేర్చి ఉంచితే రెండు మూడు నెలలు నిలుస్తుంది. సంక్రాంతి పులుసుకు నేను ఏటా అక్టోబరులో కొన్న కాయనే వాడుతున్నాను.

అదే బల్లల మీద రంగురంగుల చిన్న కాయలు, బొడిపెలు తేలినవి, హంసమెడ వంటివి బుట్టల్లో పెట్టి ఉంటాయి. అవి అలంకారానికే. వాటిలో కొన్నిటికి విషపు చేదు ఉంటుంది, ఎంత ఉడికించినా ఆ చేదు పోదు. మన ఇళ్లలో సొరకాయ కోయగానే ఒక చిన్న ముక్క నాలుకకు తాకించి చూసి, చేదైతే కాయ మొత్తం పారవేసేవారు కదా. ఇక్కడ కొన్న ప్రతి గుమ్మడి విషయంలోనూ ఆ అలవాటు మానుకోవద్దు.

ఇక కాలం సంగతి. ఈ ప్రాంతపు రైతు శరత్కాలమంతా ఒక్కదానికోసమే భయపడుతూ ఉంటాడు, అది తొలి గడ్డమంచు. మన మధ్య న్యూజెర్సీలో అది సాధారణంగా అక్టోబరు రెండో సగంలో ఒక తెల్లవారుజామున పడుతుంది. ఆ ఒక్క రాత్రితో వంకాయ, బెండ, టమాటా, మిరప, గోంగూర చచ్చిపోతాయి. కాబట్టి వాతావరణ సూచనలో రాత్రి వేడి 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగుతుందని కనబడిన వారమే నువ్వు సంతకు తప్పక వెళ్లవలసిన వారం. ఆ రోజుల్లో రైతులు చెట్టుమీద ఉన్నదంతా దులిపి తెస్తారు. పచ్చి టమాటాలు బుట్టలకొద్దీ చవగ్గా దొరుకుతాయి. పచ్చి టమాటా పచ్చడి సంవత్సరంలో అప్పుడు చేసుకున్నంత బాగా మరెప్పుడూ కుదరదు. ఆ వారమే పండుమిరప కూడా కనబడుతుంది. మనవైపు పండుమిరప మాఘమాసం ప్రాంతాల చేతికి వస్తే, ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరులలోనే పొడుగాటి కయెన్ మిరపకాయలు చెట్టునే ఎర్రబడతాయి. గట్టిగా, తొడిమ పచ్చగా ఉన్నవి మూడు పౌండ్లు తీసుకుని, తడిబట్టతో తుడిచి, ఒక పూట నీడన ఆరనిచ్చి, ఉప్పు, కొత్త చింతపండు వేసి దంచుకుంటే శీతాకాలమంతటికీ సరిపడే కొరివికారం తయారవుతుంది. తడి మాత్రం సోకనివ్వకు.

గడ్డమంచు పడ్డాక సంత అయిపోయిందనుకుని చాలామంది మనవాళ్లు వెళ్లడం మానేస్తారు. అది పొరపాటు. క్యారట్, కేల్ అనే ఆకుకూర, చిట్టి క్యాబేజీల్లా ఉండే బ్రసెల్స్ స్ప్రౌట్స్ వంటివి చలికి తట్టుకోవడానికి తమలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటాయి గనుక, నవంబరులో వాటి రుచే వేరు. ఆవకూర, ముల్లంగి ఆకు, చేయంత కాలీఫ్లవరు కూడా అప్పుడే బాగుంటాయి. కాడకు అంటిపెట్టుకునే ఉన్న బ్రసెల్స్ స్ప్రౌట్స్ కొని, ఆవపెట్టి కూర చేసి చూడు.

మీ అత్తగారు వరంగల్ నుంచి వచ్చి ఉన్నారు కాబట్టి బతుకమ్మ మాట కూడా రాయాలి. తంగేడు ఇక్కడ దొరకదు. గునుగు పువ్వు మాత్రం దొరుకుతుంది. సెలోషియా అని అడుగు, పూలు అమ్మే రైతులు కట్టలు కట్టి తెస్తారు. బంతి, చామంతి కావలసినన్ని ఉంటాయి. కష్టమైనది గుమ్మడి పువ్వు. అది తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది, పైగా అక్టోబరు నాటికి తీగలు బూడిద తెగులు పట్టి వాడిపోయి ఉంటాయి. అందుకని ముందువారమే ఒక రైతుతో మాట్లాడి, సన్నని పొడుగాటి కాడ ఉన్న మగపూలనూ, తెగులు లేని నాలుగు గుమ్మడి ఆకులనూ కోసి ఉంచమని కోరు. మగపూలు కోస్తే కాపు తగ్గదు గనుక వాళ్లు అభ్యంతరం చెప్పరు. ఆ పూలు నీకు ఎందుకు కావాలో కూడా వివరించు. నేను వివరించిన ప్రతిసారీ వాళ్లు మరో గుప్పెడు పూలు కలిపి ఇచ్చారు.

ఏ సంతకు వెళ్లాలని కూడా అడిగావు. మీకు దగ్గర ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషను పక్కన శనివారం ఉదయం జరిగే వెస్ట్ విండ్సర్ సంత. అక్కడ తొమ్మిదింటికే ఉండు. పదకొండు దాటితే మంచి ఆకుకూర మిగలదు. లారెన్స్‌లోని ట్రెంటన్ ఫార్మర్స్ మార్కెట్ ఏడాది పొడుగునా నడుస్తుంది. పిల్లలు ఆపిల్స్ చెట్టునుంచి కోసుకోవాలంటే టెర్హ్యూన్ తోట ఉంది గానీ, అక్టోబరు శని ఆదివారాల్లో అక్కడ జనం తిరునాళ్లలా ఉంటారు. వీలైతే వారం మధ్యలో వెళ్లండి. తోటలోకి దిగేవారు మూసిన బూట్లు, పొడుగు ప్యాంట్లు వేసుకోవాలి. జింకల మీది పిడుదులు నవంబరులో కూడా చురుకుగా ఉంటాయి, వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది. ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ల వెనుక, చంకల్లో, జుట్టులో చూడు.

రైతు దగ్గర బేరమాడవద్దు, అది ఇక్కడి పద్ధతి కాదు. దానికి బదులు సెకండ్స్ ఉన్నాయా అని అడుగు. మచ్చపడిన, వంకర తిరిగిన కాయలను వేరే బుట్టలో తక్కువ ధరకు ఇస్తారు, పచ్చళ్లకు అవే చాలు. ఆపిల్స్ పెక్, బుషెల్ లెక్కన అమ్ముతారు. నాలుగు పెక్‌లు ఒక బుషెల్. మీ ఇంటికి ఒక్క పెక్ ఎక్కువే, అందులోనే పది పౌండ్ల పైన కాయలుంటాయి. అక్టోబరు చివర వచ్చే పుల్లని గ్రానీ స్మిత్‌ను పచ్చిమామిడికి బదులు పప్పులోనూ పులిహోరలోనూ వాడవచ్చు. ఈ న్యూజెర్సీలోనే పైన్ బారెన్స్ అనే అడవి ప్రాంతంలో పండే క్రాన్‌బెర్రీలు అనే చిన్న ఎర్రని పుల్లపండ్లు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. వాటి పులుపు పప్పుకు చక్కగా అమరుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మాట తప్పక విను. తోటల్లో గ్లాసుల్లో పోసి ఇచ్చే ఆపిల్ సైడర్, అంటే ఆపిల్స్ పిండి తీసిన రసం, పాశ్చరైజ్ చేసినదో (సూక్ష్మజీవులు చచ్చేలా వేడిచేసినదో) కాదో అడగకుండా పిల్లలకు తాగించకు. చేయనిదానిలో ప్రమాదకరమైన సూక్ష్మజీవులు ఉండవచ్చు. సీసాలో అమ్మితే హెచ్చరిక ముద్రించాలన్న నిబంధన ఉంది, గ్లాసుకు ఆ నిబంధన లేదు. నువ్వు ఇప్పుడు ఒట్టిమనిషివి కావు గనుక, నువ్వు కూడా అడిగి తెలుసుకున్న తరువాతే తాగు.

వచ్చే శనివారం నేను కూడా తొమ్మిదింటికి స్టేషను దగ్గరికి వస్తాను. గుడ్డసంచులు నాలుగు, చిల్లర నోట్లు కొన్ని తెచ్చుకో. చీజ్ రకం గుమ్మడి కనబడితే నాకోసం ఆగకుండా రెండు తీసి పక్కన పెట్టించు, ఆ రకం తొందరగా అయిపోతుంది.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ