సమాధానం: గ్రంథాలయాల్లో చదివే పుస్తకానికి డబ్బు ఎవరిస్తారు?

మీ పుస్తకం బ్రిటన్ గ్రంథాలయాల్లో బాగా తిరుగుతోందని, అందుకు డబ్బు వస్తుందా అని ప్రచురణకర్తను అడిగితే ‘మాకు సంబంధం లేదు’ అన్నారని రాశారు. ఆయన చెప్పింది నిజమేనండీ. పాఠకులు మీ పుస్తకాన్ని గ్రంథాలయం నుంచి అరువు తీసుకున్నందుకు వచ్చే ఈ డబ్బు, అమ్మకాలపై ప్రచురణకర్త ఇచ్చే రాయల్టీ కాదు. 1979 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ నిధుల నుంచి నేరుగా రచయితకే అందే సొమ్ము. గ్రంథాలయం కూడా తన జేబు నుంచి ఏమీ ఇవ్వదు.

మీరు అక్కడే నివసిస్తున్నారు కాబట్టి అర్హత ఉంది. అయితే ఎవరూ వెతుక్కుంటూ వచ్చి ఇవ్వరు. బ్రిటిష్ లైబ్రరీ నిర్వహించే ‘పబ్లిక్ లెండింగ్ రైట్’ (గ్రంథాలయాలు అరువిచ్చే పుస్తకాలపై రచయితల హక్కు) విభాగంలో మీరే నమోదు చేసుకోవాలి. గట్టి అట్ట ప్రతికి, మెత్తటి అట్ట ప్రతికి ఐఎస్‌బీఎన్‌లు (పుస్తకాన్ని గుర్తించే సంఖ్యలు) వేరు గనుక రెండింటినీ విడివిడిగా చేర్చండి. ఒకటే చేర్చితే, రెండోదానిపై రావలసింది పోగొట్టుకుంటారు. ఈ-పుస్తకం ఉంటే అదీ చేర్చండి. జూన్ 30లోపు పూర్తిచేయండి, గడిచిన సంవత్సరాలకు వెనక్కి లెక్కకట్టి ఇవ్వరు.

అన్ని గ్రంథాలయాల లెక్కలూ తీసుకోరు, కొన్ని గ్రంథాలయాలు పుస్తకాలు అరువిచ్చిన వివరాల నుంచి అంచనా వేస్తారు. అందువల్ల మొదటి మొత్తం చిన్నదైనా నిరుత్సాహపడకండి. ఏడాదికి గరిష్ఠం 6,600 పౌండ్లు. మీ అనువాదకురాలికి కూడా వాటా ఉంటుంది, ఆమెకు తప్పక చెప్పండి. అనువాదకుల శ్రమను మరచిపోవడం అన్యాయం.