ఫంక్షన్ లోపల బస్తాలు += 1 అంటే ఎర్రర్ ఎందుకు?

రైస్‌మిల్లు లెక్కల పైథాన్ ప్రోగ్రాంలో పైన బస్తాలు = 40 అని పెట్టి, ఫంక్షన్‌లో ఒకటి కలపబోతే అన్‌బౌండ్‌లోకల్‌ఎర్రర్ వస్తోందన్నారు. అమలాపురంలో ఓ సత్తిబాబు, రాజోలులో ఓ సత్తిబాబు. పేరొకటే, మనుషులు వేరు. ఆ ఊరే నేమ్‌స్పేస్, అంటే పేర్లుండే చోటు, అనుకోండి.

పేరు కనబడితే పైథాన్ ముందు ఫంక్షన్‌లో, తర్వాత దాన్ని చుట్టుకున్న ఫంక్షన్లలో, ఆపైన మాడ్యూల్‌లో (అంటే మీ ఫైల్లో), చివరికి బిల్టిన్స్‌లో (పైథాన్‌తోనే వచ్చే పేర్లలో) వెతుకుతుంది. అయితే ఫంక్షన్‌లో ఎక్కడ విలువ ఇచ్చినా, ఆఖరి లైన్లో ఇచ్చినా సరే, ఆ పేరు ఫంక్షన్ మొత్తానికీ లోకలే, అంటే ఆ ఫంక్షన్ సొంతమే. += కూడా విలువ ఇవ్వడమే. కోడ్ నడవకముందే, కంపైల్ అయ్యేటప్పుడే ఇది తేలిపోతుంది. అందుకే మీ 40 వైపు చూడనే చూడదు. ఇంకా విలువే లేని లోకల్‌కి ఒకటి కలపమంటే ఏం కలుపుతుంది?

ఫంక్షన్ మొదట్లో గ్లోబల్ బస్తాలు అని రాస్తే, పైనున్న బస్తాలనే తీసుకుంటుంది, పనవుతుంది. నేనైతే ఆర్గ్యుమెంటుగా పంపి, రిటర్న్ తీసుకుంటాను. అన్నట్టు, ఇఫ్, ఫర్ బ్లాకులకు వేరే స్కోప్ (పేరు చెల్లే పరిధి) ఉండదు.