నాన్నగారి ఇల్లు ఎప్పుడు అమ్మాలి?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా నాన్నగారు 1994లో తన సంపాదనతో స్థలం కొని ఇల్లు కట్టారు. వీలునామా రాయకుండానే నిరుడు కాలం చేశారు. అమ్మకు 72 ఏళ్లు. ఆమె కింది పోర్షన్‌లో ఉంటున్నారు, పై పోర్షన్ అద్దెకు ఇచ్చాం. అన్నయ్య హైదరాబాదులో, తమ్ముడు అమెరికాలో ఉంటున్నారు. మంచి ధర వచ్చింది కాబట్టి వెంటనే అడ్వాన్సు తీసుకుందామని అన్నయ్య అంటున్నాడు. రెండేళ్లు ఆగకపోతే పన్ను ఎక్కువ పడుతుందని బంధువులు చెబుతున్నారు. అమ్మ తేల్చుకోలేకపోతున్నారు. ఇప్పుడే అమ్మాలా, ఆగాలా?

జవాబు: ఇది మీ నాన్నగారి స్వార్జితం. వీలునామా లేదు కాబట్టి, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన మరణించిన నాడే ఈ ఇల్లు మీ అమ్మగారికి, మీకు, మీ అన్నదమ్ములిద్దరికీ నాలుగో వంతు చొప్పున సంక్రమించింది. మీ నాయనమ్మగారు జీవించి ఉంటే ఆమెదీ సమాన వాటాయే, అప్పుడు అయిదు వాటాలవుతాయి. మీ పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఏమి ఇచ్చినా దానివల్ల మీ వాటా తగ్గదు. అందువల్ల ఎప్పుడు అమ్మాలన్నది మీ అన్నయ్యగారు ఒక్కరే తేల్చగల విషయం కాదు.

అందరి సంతకాలు కుదరకముందే అడ్వాన్సు తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒక్క వారసుడు రాసిచ్చిన అగ్రిమెంటు మిగిలిన ముగ్గురి వాటాలను కట్టివేయదు. కానీ కొనుగోలుదారు ఆ అగ్రిమెంటును అమలు చేయించమని కోర్టుకు వెళ్లవచ్చు. అందుకు అగ్రిమెంటులో రాసుకున్న గడువు తేదీ నుంచి మూడేళ్ల వ్యవధి ఉంటుంది. ఒకసారి దావా పడిన ఇంటిని మంచి ధరకు కొనడానికి ఎవరూ ముందుకు రారు. నేడు ఊరిస్తున్న ధర ఆ దావా నడిచినన్నాళ్లూ మీకు అందకుండా పోతుంది.

ఇక మీ అమ్మగారి సంగతి. ఆమె తన వాటాను అమ్మి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. మీలో ఎవరైనా తమ వాటాను బయటివారికి అమ్మదలిస్తే, దానిని ముందుగా కొనుక్కునే హక్కు మిగిలిన వారసులకు ఉంటుంది. అలా కొన్న బయటి వ్యక్తి కుటుంబం నివసిస్తున్న ఇంట్లో ఉమ్మడి స్వాధీనం కోరడానికీ వీలులేదు. అయితే ఏ వారసుడైనా విభజన దావా వేయవచ్చుననీ, ఇంటిని పంచడం సాధ్యం కానప్పుడు కోర్టు అమ్మకానికి ఆదేశించవచ్చుననీ ఆమెకు తెలియజేయాలి. ఆమె ఎక్కడ ఉండబోతారో తేలిన తరువాతే ఇంటిని అమ్మకానికి పెట్టండి. అంతవరకు ఆమె చేత, తన వాటాను వదులుకుంటున్నట్లు తెలిపే హక్కు విడుదల పత్రం రాయించుకోకండి. ఒకవేళ ఆమె తన వాటాను పిల్లలలో ఎవరికైనా ఇష్టపూర్వకంగా రాసి ఇస్తే, తనను పోషించాలన్న షరతును ఆ దస్తావేజులో స్పష్టంగా రాయించండి. ఆ మాట నిలబెట్టుకోనప్పుడు, తల్లిదండ్రుల పోషణకు సంబంధించిన 2007 నాటి చట్టం కింద ఆ బదిలీని రద్దు చేయించుకోవడానికి ఆ షరతే ఆధారమవుతుంది.

రెండేళ్లు ఆగాలన్న మాట మీ విషయంలో సరికాదు. ఇల్లు, స్థలం 24 నెలలకు మించి చేతిలో ఉంటే దీర్ఘకాలిక లాభంగా లెక్కిస్తారన్నది నిజమే. కానీ వారసత్వంగా వచ్చిన ఆస్తికి మీ నాన్నగారి చేతిలో ఉన్న కాలాన్నీ కలుపుకుంటారు. 2001 ఏప్రిల్ 1కి ముందు సంపాదించిన ఆస్తి కాబట్టి, ఆ రోజున ఉన్న మార్కెట్ విలువను, నాటి రిజిస్ట్రేషన్ విలువకు మించకుండా, ఖర్చుగా చూపవచ్చు. ఉదాహరణకు ఆ విలువ 8 లక్షలు, అమ్మకం ధర 80 లక్షలు అనుకుందాం. ఒక్కొక్కరి వాటాకు ఖర్చు 2 లక్షలు, లాభం 18 లక్షలు, దానిపై 12.5 శాతం చొప్పున పన్ను 2,25,000 రూపాయలు. 2024 జూలై 23కు ముందు సంపాదించిన ఆస్తి అయినందువల్ల, ధరల సూచిక ప్రకారం ఖర్చును పెంచుకుని 20 శాతం కట్టే వీలు కూడా మన దేశంలో నివసించే వారికి ఉంది. 2025-26 సూచిక 376తో లెక్కిస్తే అది 2,49,600 రూపాయలవుతుంది కాబట్టి, ఈ ఉదాహరణలో మొదటి పద్ధతే మేలు. రెండింటికీ సెస్సు అదనం. మీ అసలు అంకెలతో ఆడిటరు చేత రెండు విధాలా లెక్క కట్టించండి.

అమ్మకానికి ముందు ఏడాదిలోగా గానీ, తరువాత రెండేళ్లలోగా గానీ మరో ఇల్లు కొంటే, అందులో పెట్టిన మేరకు లాభంపై మినహాయింపు వస్తుంది. కట్టించుకునేట్లయితే మూడేళ్ల గడువు ఉంటుంది. మీ అమ్మగారికి చిన్న ఫ్లాటు ముందే చూసిపెట్టడానికి ఈ వెసులుబాటు ఎంతో ఉపకరిస్తుంది. రిటర్ను దాఖలు చేసే గడువు నాటికి ఖర్చు కాని సొమ్మును బ్యాంకులో ఇలాంటి లాభాల కోసమే ఉండే క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి.

అసలు ఆలస్యం మీ తమ్ముడి వైపు నుంచి రావచ్చు. ఆయన రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపాలి. అది మన దేశానికి చేరిన మూడు నెలలలోగా ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించాలి. మీకు, మీ అమ్మగారికి, అన్నయ్యగారికి చెల్లించే సొమ్ములో కొనుగోలుదారు ఒక శాతమే పన్ను కోస్తారు. ప్రవాసి అయిన మీ తమ్ముడి విషయంలో మాత్రం, ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత ధ్రువపత్రం ముందుగా తెచ్చుకోకపోతే చాలా ఎక్కువ కోత పడుతుంది. ధర మాట్లాడుకునే లోపే ఆయన దీనికి దరఖాస్తు చేసే ఏర్పాటు మొదలుపెట్టాలి.

కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలను చూపే పత్రం), మీ నలుగురి పేర్లకు మార్చిన ఇంటి పన్ను రసీదు చేతికొచ్చాక, నలుగురూ కలిసి ఒకే అగ్రిమెంటుపై సంతకం చేయండి. పై పోర్షన్‌లో అద్దెకున్నవారి సంగతి అందులో రాయండి, ఎందుకంటే ఇల్లు అమ్మినంత మాత్రాన వారి అద్దె హక్కు పోదు. సొమ్మును నాలుగు వేర్వేరు ఖాతాలకు ఇప్పించుకోండి. మీ అమ్మగారి వాటా ఆమె ఒక్కరి పేరున ఉన్న ఖాతాలోకే చేరాలి.