ఫ్రిస్కోలోని బిగ్ బాయ్‌ని నడిపించగలరా?

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటారు. అక్కడి రైల్వే మ్యూజియంలో 4018 నంబరు ‘బిగ్ బాయ్’ ఆవిరి ఇంజన్ చూశాను. దాని తోడబుట్టిన 4014ను బాగుచేసి మళ్లీ పట్టాలెక్కించారట. దీన్నీ నడపొచ్చు కదా?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నడపొచ్చమ్మా. కానీ నడుపుతారని నేననుకోను. ఇంజన్ ఎంత బాగుందన్న దానికంటే అది ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యం.

1941లో తయారైన 4014 యూనియన్ పసిఫిక్ రైల్వేలో పనిచేసింది. 1962 నుంచి కాలిఫోర్నియాలోని పొమోనా మ్యూజియంలో ఉంది. అక్కడి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తుప్పు పెద్దగా పట్టలేదు. 2013లో రైల్వే కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకుంది. పార్కింగ్ స్థలం మీద తాత్కాలికంగా పట్టాలు పరుచుకుంటూ మెయిన్ లైనుకు చేర్చారు. 2014లో వయోమింగ్‌లోని షయెన్‌కు తీసుకెళ్లి, 2019 మేలో ఆవిరి మీద నడిపారు. వర్క్‌షాపు వాళ్లదే, పనివాళ్లు వాళ్ల మనుషులే, లైనూ వాళ్లదే. మ్యూజియానికి ఇవన్నీ ఎక్కడివి?

ఇక బాయిలర్. కాజీపేట స్టీమ్ షెడ్‌లో బాయిలర్ పని చేసినవాణ్ణి, అందుకే దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. బిగ్ బాయ్ బాయిలర్‌లో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 300 పౌండ్లు. నిప్పు మండే అర అయిన ఫైర్‌బాక్స్ లోపలి రేకునూ బయటి రేకునూ పట్టి ఉంచే కడ్డీలే స్టేలు. ఒకటి విరిగితే ఆ భారం పక్కవాటి మీద పడుతుంది. మేం సుత్తితో తట్టి, మోతను బట్టి విరిగినదాన్ని పట్టుకునేవాళ్లం. ఇప్పుడు రేకు మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో కొలుస్తున్నారు. అమెరికా నిబంధన ప్రకారం 1,472 రోజుల సర్వీసు గానీ, 15 ఏళ్లు గానీ, ఏది ముందొస్తే అప్పుడు బాయిలర్‌ను విప్పి లోపలంతా పరీక్షించాల్సిందే. ఒకసారి పెట్టి ఊరుకునే ఖర్చు కాదిది. బిగ్ బాయ్ కంటే ఎంతో చిన్నదైన ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ను ఇంగ్లండ్‌లో బాగుచేయడానికే పదేళ్లు పట్టింది, 42 లక్షల పౌండ్లు అయ్యాయి.

బాగుచేశాక నడపడమూ తేలిక కాదు. దారిలో బొగ్గు నింపే ఏర్పాట్లు ఇప్పుడు లేవు, అందుకే 4014ను నూనెతో నడిచేలా మార్చారు. నీళ్ల కోసం అదనపు టెండర్లు, అంటే ఇంజన్ వెనక తగిలించే బండ్లు, వెంట తీసుకెళ్తారు. టెండరుతో కలిపి 132 అడుగుల పొడవు, దాదాపు 540 టన్నుల బరువు. ఇంత పొడవును తిప్పే టర్న్‌టేబుల్ దొరకడం కష్టం, ఇంజన్‌ను వెనక్కి తిప్పుకోవడానికి పట్టాలు త్రికోణంగా కలిసే ట్రయాంగిల్ ఉన్నచోటికి వెళ్లాల్సిందే.

4018 కోసం ఎవరైనా చందా అడిగితే, నేనైతే దాని తుప్పు ఆపడానికీ పైకప్పుకూ ఇస్తాను, నడపడానికి ఇవ్వను. కదిలే బిగ్ బాయ్‌ని చూడాలనుంటే, 4014 2024లో టెక్సాస్ దాకా వచ్చి వెళ్లింది. ఎప్పుడెక్కడ ఆగుతుందో కంపెనీ ముందే ప్రకటిస్తుంది, మీ అమ్మాయిని ఓ కన్నేసి ఉంచమనండి.