టెక్ సందేహాలు: హార్స్‌పవర్ ఎక్కువున్న కారే గెలుస్తుందా?

సందేహం: కంప్యూటర్‌లో రేసింగ్ సిమ్యులేటర్ ఆడతాను. ఎప్పుడూ హార్స్‌పవర్ ఎక్కువున్న కారే తీసుకుంటాను. అయినా తక్కువ పవర్ కారుతో మా ఫ్రెండు నాకంటే ముందు ల్యాప్ పూర్తి చేస్తున్నాడు. గేమ్‌లో లెక్క తప్పా? అసలు రకరకాల రేసు కార్లను ఎలా పోల్చాలి?
- ఇంజినీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: గేమ్ లెక్క సరిగ్గానే ఉంది. అసలు ట్రాకుల మీదా ఇదే జరుగుతుంది. పోల్చాలంటే వేర్వేరు కార్లు ఒకే ట్రాకు మీద పరుగెత్తిన టైమింగులు చూడండి. అమెరికాలోని ఆస్టిన్ దగ్గరి సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ ఇందుకు బాగా పనికొస్తుంది. 5.5 కిలోమీటర్ల పొడవు, 20 మలుపులు. 2019లో అక్కడ ఫార్ములా వన్ పోల్ టైమ్ (రేసుకు ముందు క్వాలిఫయింగ్‌లో అందరికంటే వేగవంతమైన ల్యాప్) 1 నిమిషం 32 సెకన్లు. అదే ఏడాది ఇండీకార్ (చక్రాలు బయటికి కనిపించే అమెరికా రేసు కార్లు) పోల్ 1 నిమిషం 46 సెకన్లు. 2022లో నాస్కార్ కప్ కార్లకు (మామూలు కారు ఆకారంలో ఉండే అమెరికా రేసు కార్లు) 2 నిమిషాల 10 సెకన్ల పైనే పట్టింది.

ఇప్పుడు పవర్ చూడండి. ఫార్ములా వన్ కారుది సుమారు 1000 హెచ్‌పీ (హార్స్‌పవర్). ఇండీకార్‌ది 550 నుంచి 700 మధ్య. నాస్కార్‌ది 2022లో 670. చివరి రెండింటి ఇంజిన్లు ఇంచుమించు ఒకే బలం, ల్యాప్‌లో మాత్రం పాతిక సెకన్ల తేడా! ఆ తేడాలో పెద్ద వాటా బరువుది. నాస్కార్ కారు దాదాపు ఒకటిన్నర టన్నులు, ఇండీకార్ అందులో సగం. బరువు రెట్టింపైతే వేగం అందుకోవడానికీ, బ్రేకు వేసి ఆపడానికీ, మలుపులో తిప్పడానికీ మూడు చోట్లా నష్టమే.

రెండో కారణం డౌన్‌ఫోర్స్, అంటే గాలి కారును నేలకేసి అదిమే బలం. వేగం రెట్టింపైతే ఇది నాలుగు రెట్లవుతుంది. టైర్లకు పట్టు పెరిగేది దీనివల్లే. ఫార్ములా వన్ కారు ఇండీకార్‌ను 14 సెకన్లు వెనక్కి నెట్టిందంటే అందులో ఇంజిన్ వాటా ఎంతుందో, రెక్కలు, కారు అడుగుభాగం, టైర్ల వాటా కూడా అంతే గట్టిగా ఉంది.

ఇక పవర్ ఎంతన్నదే కాదు, ఎంతసేపన్నదీ అడగాలి. అమెరికాలో టాప్ ఫ్యూయల్ డ్రాగ్‌స్టర్ల (తిన్నని దారిలో మాత్రమే పరుగెత్తే రేసు కార్లు) పవర్‌ను 11,000 హెచ్‌పీ దాకా అంచనా వేస్తారు. 1000 అడుగుల తిన్నని దారిని నాలుగు సెకన్లలోపే దాటేస్తాయి. పరుగు అవగానే ఇంజిన్ విప్పి మళ్లీ బిగించాల్సిందే. మీ ఊరి రొయ్యల చెరువులో నీటికి గాలి అందించే 2 హెచ్‌పీ ఏరియేటర్ మోటారు రాత్రంతా ఆగకుండా తిరుగుతుంది. రెండు అంకెలూ హెచ్‌పీలే అయినా చేసే పనులు వేరు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన పరుగెత్తిన ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ రేసు కార్లదీ ఇదే సంగతి. గరిష్ఠంగా 350 కిలోవాట్లు, అంటే దాదాపు 470 హెచ్‌పీ. కానీ రేసులో మామూలుగా వాడనిచ్చేది 300 కిలోవాట్లే. పైగా బ్యాటరీని చివరిదాకా పొదుపుగా వాడుకోవాలి.

మీరు చేయాల్సింది: సిమ్యులేటర్‌లో టెలిమెట్రీ (ల్యాప్ పొడవునా వేగం, బ్రేకు లాంటి వివరాల రికార్డు) సేవ్ చేయండి. మీ స్పీడ్ గ్రాఫ్ మీద మీ ఫ్రెండు గ్రాఫ్ పెట్టి చూడండి. స్ట్రెయిట్‌లో మీరు ముందుండి, ప్రతి మలుపు మధ్యలో అతని వేగం ఎక్కువుంటే జవాబు దొరికినట్టే. తేలికైన కారు తీసుకుని, బ్రేకు ఎక్కడ వేస్తున్నారో సరిచూసుకోండి.

సందేహం: ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్ వివరాలు చదివే సాకెట్) బ్లూటూత్ అడాప్టర్ పెట్టి యాప్‌లో చూస్తే మా కారు హార్స్‌పవర్ కంపెనీ చెప్పినదానికంటే తక్కువ చూపిస్తోంది. కాలువ గట్టు రోడ్డు మీద ఫోన్ జీపీఎస్‌తో 0-100 టెస్ట్ చేస్తే సరైన లెక్క వస్తుందా?
- పాఠకుడు, అమలాపురం

జవాబు: దయచేసి ఆ పని మాత్రం చేయకండి. మన కాలువ గట్లకు చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. ధాన్యం ట్రాక్టర్లూ స్కూలు పిల్లల సైకిళ్లూ తిరిగేదీ ఆ రోడ్డు మీదే. పైగా లెక్కా సరిగా రాదు. ఫోన్ జీపీఎస్ మామూలుగా సెకనుకు ఒకసారే స్థానం చెబుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 25 మీటర్లు పోతారు. సెకనులో పదో వంతు తేడాలు అందులో ఎలా తెలుస్తాయి?

కంపెనీ చెప్పేది ఇంజిన్ దగ్గరి పవర్. గేర్‌బాక్స్ దాటి చక్రాలకు చేరేలోపు 10 నుంచి 15 శాతం పోవడం మామూలే. యాప్ అసలు కొలవదు, గాలి ప్రవాహం లాంటి రీడింగుల నుంచి అంచనా కడుతుంది. మీరు కారు బరువు తప్పు ఎంటర్ చేసినా అంకె మారిపోవచ్చు. బ్రోచర్‌లో కిలోవాట్లు ఉంటే 1.34తో గుణించండి, హెచ్‌పీ వస్తుంది. నిజమైన అంకె కావాలంటే చాసిస్ డైనమోమీటర్ (కారు చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) ఉన్న వర్క్‌షాపులో కొలిపించుకోండి.

సందేహం: సొంత కారును ట్రాకు మీద నడిపే వీలుందా?
- పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల ట్రాకు మనకు దగ్గర. ట్రాక్ డేలు (సొంత కార్లను ట్రాకు మీద నడపనిచ్చే రోజులు) ఎప్పుడున్నాయో నిర్వాహకులను అడిగి, హెల్మెట్ నిబంధనలు ముందే తెలుసుకోండి. బయల్దేరే ముందు బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, టైర్లు మెకానిక్‌కు చూపించండి.