సినిమా అయ్యాక లైటు వెంటనే వెయ్యకు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య దీవించి రాయునది.

నువ్వు ఫోన్ చేసినప్పుడు కొబ్బరి దింపు దగ్గరున్నాను, ఆ గోలలో ఊఁ కొట్టానే గాని ఏమీ చెప్పలేదు. ఆదివారం అమలాపురంలో డెన్మార్క్ దర్శకుడు లార్స్ వాన్ ట్రియర్ సినిమా ‘మెలాంకలియా’ వేస్తున్నారు, తరవాత చర్చ నడపాల్సింది నువ్వు, అంతేగా? పాతికేళ్ళుగా ఇలాంటి చర్చల్లో కూర్చున్నాను, రెండు మూడింటిని స్వయంగా చెడగొట్టాను కూడా. ఆ అర్హతతోనే రాస్తున్నా.

గొడవ ముందు సినిమా గురించి రాదు, తీసిన వాన్ ట్రియర్ గురించి వస్తుంది. 2011 మేలో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో, నటీనటుల్ని పక్కన కూర్చోబెట్టుకుని, హిట్లర్ని అర్థం చేసుకోగలనన్నాడు, తను నాజీనన్నాడు. హాస్యమనుకున్నాడట. క్షమాపణ చెప్పినా, మర్నాడే చిత్రోత్సవం వాళ్ళు ఇక మా గడప తొక్కొద్దన్నారు. సినిమాని మాత్రం పోటీలోంచి తియ్యలేదు. ఇందులో జస్టిన్ వేషం వేసిన కిర్‌స్టెన్ డన్‌స్ట్‌కి ఉత్తమ నటి బహుమతి వచ్చింది. 2018లో మళ్ళీ ఆయన్నే పిలిచి మరో సినిమా వేసుకున్నారు. ఇదంతా సినిమాకి ముందే నువ్వే చెప్పెయ్యి. దాచావంటే ఎవడో ఫోన్లో వెతికి, మధ్యలో లేచి చదువుతాడు. ఇక ఆ పూటకి సినిమా గోదాట్లో కలిసినట్టే.

కథలో సూర్యుడి చాటునుంచి ఒక పెద్ద గ్రహం వచ్చి భూమిని ఢీకొంటుంది కదా, తరవాత దాని మీద ఫిజిక్సు చదివినాయన లేస్తాడు. సూర్యుడి వెనకాల అంత గ్రహం దాక్కోవడమేమిటండీ అంటాడు. నిజమే, కుదరదు. రెండు నిమిషాలివ్వు, ఒప్పేసుకో, కూర్చోబెట్టు. మొదటి పది నిమిషాల్లోనే భూమి ముక్కలైపోవడం చూపించేశాడు కదా, ఏమవుతుందన్న ఉత్కంఠ దర్శకుడికే అక్కర్లేదు. అయ్యేలోపు ఎవరెలా ఉంటారన్నదే ఆయన గోల.

మొదటి సగమంతా పెళ్ళి విందు. సాగదీశాడని సగం మంది అంటారు. నాకు మటుకు సినిమాలో ప్రాణమంతా అక్కడే ఉంది. మన జిల్లాలో మర్యాదలు తగ్గాయని అలిగిన వియ్యంకుణ్ణి చూడని మనిషుంటాడా? పెళ్ళికూతురు జస్టిన్‌ని నిలబెట్టి, ఈ విందుకి నాకెంతయిందో తెలుసా అని అడుగుతాడు బావగారు జాన్. పైగా షరతు, నువ్వు సంతోషంగా ఉండాలట! తల్లి లేచి నాకు పెళ్ళిళ్ళ మీద నమ్మకం లేదంటుంది. యజమాని పెళ్ళిలో కూడా ప్రకటనకి ఒక వాక్యం రాసివ్వమని వెంటపడతాడు. చర్చ ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు. డిప్రెషన్, ప్రళయం అంటూ మొదలెడితే నోరు పెగలని వాళ్ళకి కూడా పెళ్ళి అనగానే మాటలొస్తాయి.

ఎవరైనా “నాకేం అర్థం కాలేదండి” అంటే అర్థం చెప్పకు. ఒకప్పుడు ఒక పెద్దాయన అలా అంటే ఇరవై నిమిషాలు దంచాను. ఆయన పాపం తలూపుతూ విన్నాడు, మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఎక్కడ విసుగొచ్చిందండీ అని అడిగుంటే సరిపోయేది.

రెండో సగానికి నీ దగ్గరుండాల్సింది ఒకటే ప్రశ్న. గ్రహం మీదకొచ్చేస్తోందని తెలిశాక అక్క క్లెయిర్, డాబా మీద కూర్చుని తలో గ్లాసు వైను తాగుతూ పోదామంటుంది. జస్టిన్ ఆ మాటని చీదరించుకుంటుంది. ఎవరిది న్యాయం? గాల్లో అడిగితే పుస్తకాల మాటలే వస్తాయి. అమెరికావాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పేరెత్తు. 1979 జులైలో అది నెత్తిన పడుతుందని మా ఊళ్ళో మేకలు తెగాయి, కోళ్ళు తెగాయి. పోయేలోపు తినేద్దామని అప్పు చేసి మరీ తిన్నారు. అది పోయి పోయి ఆస్ట్రేలియాలో పడింది. అప్పులు మాత్రం మాఊళ్ళోనే ఉన్నాయి. అప్పుడు తిన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఆ హాల్లో ఉంటారు, వాళ్ళచేత చెప్పించు. డాబా మీద వైనుకీ, అరువు మేకమాంసానికీ తేడా ఏమిటో కుర్రాళ్ళనే తేల్చుకోమను.

తీగ చుట్ట దగ్గర కాస్త ఆగు. క్లెయిర్, జాన్‌ల పిల్లాడు పుల్లకి తీగ చుట్టి, దాన్ని ఆకాశంలో గ్రహం చుట్టూ సరిపెట్టి, కాసేపాగి మళ్ళీ చూస్తాడు. చుట్టలో చిన్నదైతే దూరం పోతున్నట్టు. జాన్ లెక్కలు తెలిసినవాడు, ఏం కాదు, పక్కనుంచి పోతుందని ఇంటిల్లిపాదికీ ధైర్యం చెబుతుంటాడు. లెక్క తప్పిందని తెలిసిన క్షణాన భార్యాబిడ్డల్ని వదిలేసి ముందు తనే లోకంలోంచి తప్పుకుంటాడు.

ఆ జాన్‌ని చూస్తే నాకు మీ తాతయ్యే కనిపిస్తాడు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి, గాలి పెంకులు లేపుకుపోతుంటే, “మనకేం కాదు, తగ్గిపోతుంది” అంటూ రేడియో తిప్పుతూనే ఉన్నారు. మీ అమ్మమ్మ ఏమీ అనలేదు. పిల్లల్ని భోషాణం పక్కకి చేర్చి, మీద పరుపు కప్పింది. తెల్లారాక ఆయన తోటలోకెళ్ళి పడిపోయిన కొబ్బరి చెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన పిరికివాడు కాదురా. తెలిసినవాడిగా ఉండటం అలవాటైన మనిషి, అంతే. జాన్‌ని పిరికిపంద అని ఎవరైనా తేల్చేస్తే నాకు కోపమొస్తుంది, అది నా బలహీనత. నువ్వు మటుకు పక్షం పట్టకు.

ఒక్కటి గట్టిగా చెబుతున్నా. కష్టకాలంలో డిప్రెషన్ ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకంటే నిబ్బరంగా ఉంటారని తనకి వైద్యం చేసినాయన చెప్పిన మాటలోంచే ఈ కథ పుట్టిందని వాన్ ట్రియర్ చెప్పాడు. తనూ ఆ జబ్బు పడ్డవాడే. హాల్లో కూడా అలాంటివాళ్ళుంటారు, పైకి తెలియరు. స్నానానికి కూడా లేవలేని జస్టిన్‌ని చూసి ఎవడో ఒకడు “ఒళ్ళు బద్ధకం” అని నవ్విస్తాడు. నవ్వు ముదరకముందే మాట మార్చు. అలాగని జబ్బున్నవాళ్ళంతా జ్ఞానులన్నట్టు కూడా పోనివ్వకు. మొదటిదానికంటే అదే పెద్ద అబద్ధం.

బాగుందా బాగోలేదా అని చేతులెత్తించకు. ఎత్తిన చెయ్యి దించడానికి మనవాళ్ళకి పౌరుషం అడ్డొస్తుంది.

సౌండు ముందురోజే చూసుకో. మొదట్లో జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీతం, చివర్లో ఆ ఉరుము, చిన్న స్పీకర్లలో గొణుగుడైపోతాయి. ఆఖర్న పుల్లల గుడారంలో ముగ్గురూ చేతులు పట్టుకు కూర్చున్నాక తెర నల్లబడుతుంది. అప్పుడు లైటు వెయ్యకు, ఓ నిమిషం ఊరుకో. కరెంటు పోయిందనుకుని వెనకనుంచి ఎవడో ఈల వేస్తాడు, వెయ్యనీ.

నేను మూడింటికల్లా వస్తాను, వెనక వరసలో కూర్చుంటాను. నన్ను మాట్లాడమని పిలవకు.

మీ మామయ్య