లైవ్‌లో గ్రాఫిక్స్ పెడితే కంప్యూటర్ తడబడకుండా ఉండాలంటే?

లైవ్ ప్రసారానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో లోగో, పేరు పట్టీ, చాట్ పెట్టగానే వీడియో ఆగి ఆగి వస్తోందంటే, ముందుగా స్టాట్స్ ప్యానెల్ తెరవండి. రెండరింగ్ ల్యాగ్ అంకె పెరుగుతుంటే భారం గ్రాఫిక్స్ కార్డు మీద, ఎన్‌కోడింగ్ ల్యాగ్ పెరుగుతుంటే ఎన్‌కోడర్ (వీడియోని కుదించి పంపడానికి సిద్ధం చేసే భాగం) మీద. డ్రాప్డ్ ఫ్రేమ్స్ మాత్రం నెట్‌వర్క్ సమస్య, దానికి గ్రాఫిక్స్ తీసేసినా ఫలితం ఉండదు.

ఎక్కువసార్లు అసలు దోషి బ్రౌజర్ సోర్స్. అది ఓబీఎస్ లోపల క్రోమియం (క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైన సాఫ్ట్‌వేర్) మీద నడిచే ఒక పూర్తి వెబ్ పేజీ. అలాంటివి 5 పెడితే 5 వెబ్ పేజీలు నిరంతరం నడుస్తున్నట్టే. వీలైతే అలర్ట్‌లు (కొత్త ఫాలోయర్ వచ్చారు వంటి సూచనలు), చాట్ అన్నీ ఒకే పేజీలోకి చేర్చండి. కస్టమ్ ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములో) 30 పెట్టండి, కొలతలు గ్రాఫిక్ కనిపించేంత మేరకే ఇవ్వండి. 'షట్‌డౌన్ సోర్స్ వెన్ నాట్ విజిబుల్' టిక్ చేస్తే, ఆ సీన్ తెరపై లేనప్పుడు పేజీ ఆగిపోతుంది. తిరిగి చూపించేటప్పుడు మళ్లీ లోడ్ కావడానికి క్షణం పడుతుంది కాబట్టి, అలర్ట్‌లకు మాత్రం ఇది వద్దు.

కదలని లోగోకి, పట్టీకి పారదర్శక పీఎన్‌జీ చాలు. దాన్ని వాడే సైజులోనే తయారుచేయండి: 3840×2160 బొమ్మ డిస్క్‌లో ఎంత చిన్నదైనా మెమరీలో సుమారు 33 ఎంబీ, 1920×1080 అయితే 8 ఎంబీ. కదిలే వాటికి పారదర్శక వెబ్‌ఎం వీడియో వాడొచ్చు, కానీ దాన్ని విప్పే పని సాధారణంగా ప్రాసెసర్ మీదే పడుతుంది. నిడివి, కొలతలు తగ్గించండి.

ఎన్‌కోడింగ్‌ని ప్రాసెసర్ మీద నడిచే ఎక్స్264 నుంచి ఎన్‌వెంక్‌కో (ఎన్‌విడియా కార్డుల్లోని ఎన్‌కోడర్) క్విక్ సింక్‌కో (ఇంటెల్ గ్రాఫిక్స్‌లోని ఎన్‌కోడర్) మార్చితే ప్రాసెసర్‌కి ఊపిరి ఆడుతుంది. గేమ్ ఆడుతూ స్ట్రీమ్ చేస్తుంటే గేమ్ ఫ్రేమ్ రేట్‌కి పరిమితి పెట్టండి. లేదంటే అది గ్రాఫిక్స్ కార్డునంతా మింగేసి ఓబీఎస్‌కి ఏమీ మిగల్చదు.